పేటనుబట్టి చదువు

పట్టణమందు కాపురముండువారెల్లరు చదువుకొన్నవారే యను తలంపు పల్లెలయందు నేటికిని కలదు. మన వీధివరకు చూచుకొన్నచో మనకును ఆ తలంపు నిజమనియే తోచును. ప్రొద్దున వార్తాపత్రిక గుమ్మములో పడును. ఎనిమిది గంటలకు బడి బస్సులు వచ్చి పిల్లలను ఎక్కించుకొని పోవును. సాయంకాలము ట్యూషనులు మొదలగును. చదువురాని మనిషి మన వీధిలో ఎవరున్నారని యోచించినచో ఎవరును జ్ఞాపకమునకు రారు. అట్టివారు లేకపోవుటచేత కాదు. వారు ప్రొద్దున మన యింటికి పనికి వచ్చి, మధ్యాహ్నమునకు తమ పేటకు మరలిపోవుదురు కావున, వారిని మన వీధివారినిగా మనము లెక్కపెట్టుకొనము.

మా నగరము హైదరాబాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో హైదరాబాదు జిల్లాయందు ఏడేండ్లు నిండినవారిలో నూటికి 83 మంది అక్షరాస్యులని తేలినది. నేటి తెలంగాణ జిల్లాలన్నిటికిని కలిపి చూచినచో నూటికి 66 మందియే. కావున మా నగరము తలయెత్తుకొని తిరుగదగినదే. కాని ఆ లెక్కను ఆడువారికి మగవారికి వేరుచేసి చూడవలెను. మగవారిలో నూటికి 87 మంది, ఆడువారిలో 79 మంది. అనగా నగరమందలి స్త్రీలలో అయిదుగురికి ఒకతె చదువను వ్రాయను నేరదు. తలలు లెక్కించినచో మూడు లక్షలకు మించుదురు. 2021లో జరుగవలసిన జనగణనము వాయిదాపడినందున మనకు ఈ పాత లెక్కయే ఆధారము.

సగటు లెక్కలో ఒక మోసమున్నది. ఒక విస్తరిలో పంచభక్ష్యములు, ప్రక్క విస్తరిలో గంజి వడ్డించినను, సగటు చూచినచో ఇద్దరును తృప్తిగా భోజనము చేసినట్లే యగును. ఆ మూడు లక్షల స్త్రీలు నగరమంతట సమానముగ చల్లబడిలేరు. కొన్ని పేటలయందు వెదకినను ఒకతె కానరాదు. కొన్ని పేటలయందు వీధివీధినా ఉన్నారు. పైగా జనాభా లెక్కలలో అక్షరాస్యత యనగా ఏదేని ఒక భాషలో అర్థము తెలిసి చదివి వ్రాయగలుగుటయే. బడికి పోయి యుండవలెనను నియమము కూడ లేదు. అంతమాత్రమైనను నోచుకొననివారి సంఖ్య అది.

మా ఆడుబిడ్డ సైదాబాదులో కాపురముండుటచేత నెలకు రెండు మూడు మారులు మేము నారాయణగూడనుండి బస్సెక్కి, కోటి మీదుగా చాదర్‌ఘాటు వంతెన దాటి ఆవలికి పోవుచుందుము. ఆ దారి పొడవునను చదువు చరిత్ర కన్నులకు కట్టినట్లుండును. నిజాం కళాశాల 1887లో వెలసినది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో స్థాపింపబడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. 1924లో ఆరంభమైన మహిళా కళాశాల 1949 మొదలు కోటిలోని పాత రెసిడెన్సీ భవనమందే నడచినది. ఇవి యన్నియు మూసీనదికి ఉత్తరపు గట్టున నున్నవే. 1908లో మూసీ పొంగి ఇండ్లను ముంచినపిమ్మట కలిగినవారు పలువురు మెరక ప్రదేశములకు తరలిపోయిరి. 1960 తరువాతి ప్రభుత్వ కర్మాగారములు రామచంద్రాపురము, బాలానగరము వైపులందును, 1998లో సైబర్ టవర్సు మాదాపురమందును వెలసినవి. ఉద్యోగములు ఎచటనో చదువుకొన్న కుటుంబములు అచటనే చేరినవి. వారి వెంట మంచి బడులును చేరినవి.

దీనినిబట్టి మూసీకి దక్షిణమున విద్య లేదనుకొనరాదు. సిటీ కాలేజీ ఆ గట్టుననే యున్నది. జామియా నిజామియావంటి ప్రాచీన విద్యాలయము ఆ పేటలలోనిదే. సాలార్జంగు మ్యూజియములోని వ్రాతప్రతులను చూడ పండితులు దేశదేశములనుండి వచ్చుచున్నారు. ఆ ప్రాంతమునకు కలిగిన కష్టము వేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూలోనే శాస్త్రములన్నియు బోధించిన కాలము కలదు. 1948 తరువాత ఆ భాష రాజభాషగా నుండుట తొలగినది. విశ్వవిద్యాలయమునను ఇంగ్లీషు వచ్చినది. మరుసటి యేడు జాగీరులు రద్దయినవి. తరతరములుగా ఉర్దూలో చదివి, కొలువులు చేసి బ్రదికిన యిండ్లకు ఒక్కమారుగ తమ చదువు చెల్లని నాణెమైనది. చెల్లని నాణెమును బిడ్డల చేత పెట్టుటకు ఏ తండ్రికిని ఉత్సాహముండదు. వేరు నాణెము సంపాదించుటకు అందరికిని శక్తి చాలదు. ఆ పిల్లలలో అనేకులు గాజుల పనికిని జరీ పనికిని మరలిరి.

ఇది నదికి ఆవలివారి మాట మాత్రమే కాదు. బంజారాకొండలపై మేడ లున్నచోటనే కొండవాలున రేకుల యిండ్లును ఉన్నవి. మేడలోని బిడ్డ విదేశమున చదువుకొనుటకు పరీక్షలు వ్రాయుచుండగా, వాలులోని బిడ్డ అయిదవ తరగతితో ఆగిపోవును. రెండిండ్లకును నడుమ నున్న దూరము ఒక కేక దూరమే.

ఒక పేటలో చదువు నిలిచి, మరియొక పేటలో ఏల జారిపోవునని మేము చాల దినములు యోచించితిమి. బీదతనమని చెప్పుట సులభము. అది కొంత నిజమే. కాని మా యింటి సంగతియే మాకు వేరొకటి నేర్పినది. మా అత్తగారు ఏడవ తరగతివరకు చదివినారు. ఆ కాలమున నిజాము రాజ్యములో పైచదువులు ఎక్కువగా ఉర్దూలో నుండగా, మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడయందు బాలికలకు తెలుగున విద్యగరపుటకు పాఠశాల నెలకొల్పిరి. మా అత్తగారి పుట్టినిల్లు ధనికుల యిల్లు కాదు. వారి తండ్రిగారు సంస్కర్తయును కారు. ఆ బడి తమ యింటినుండి నడచి పోదగినంత దగ్గర నుండుటచేతను, వీధిలోని ఆడుపిల్లలు గుంపుగా పోవుచుండుటచేతను పంపిరి. ఆమె చదివిన ఏడు తరగతులు ఆమె కూతురిని పట్టభద్రురాలిని చేసినవి. ఆమె మనుమరాలిని ఇంజనీరును చేసినవి. అదే కాలమున బడిలేని పేటలో పెరిగిన ఆమె పినతల్లి కూతురు వేలిముద్ర వేయుచునే కాలము చేసెను. ఇద్దరి తండ్రుల ఆదాయము ఒక్కటే. ఆడుపిల్ల నడక ఎంతదూరమో ఆమె చదువును అంతదూరమే.

ఈ మాట ఎనుబదియేండ్ల క్రిందటిదని కొట్టివేయుటకు వీలులేదు. మా యింట అంట్లు తోమునామె పాలమూరు జిల్లానుండి వలసవచ్చి, మూసీకి ఆవల ఒక బస్తీలో కాపురమున్నది. 2023 డిసెంబరు 9వ తేదీనుండి ఆడువారికి బస్సు కిరాయి లేకపోవుటచేత ఆమె రెండు బస్సులు మారి మా పేటకు వచ్చి నాలుగిండ్ల పని చేసికొనగలుగుచున్నది. పోయిన వేసవిలో ఆమె ఒకదినమున చీపురు ప్రక్కనబెట్టి యిట్లనెను:

"అమ్మా, పెద్దపిల్ల బడి ఏడుతోటి అయిపాయె. జూన్ల సంది నాతోని తోల్కొస్త. గిన్నెలు అది తోముతది, ఇల్లు నేను ఊడుస్త. మీకు తోచింది ఇయ్యుండ్రి."

"ఎనిమిదవ తరగతిలో చేర్చవా?" అని అడిగితిమి.

"ఎట్ల చేర్చాలె? గా పెద్దబడి రోడ్డు అవుతల ఉన్నది. ఒక్కతే పోవాలె. నేను పొద్దుగాల ఆరుగొట్టంగ ఇల్లు ఇడిసిపెడ్త. ఈడుకొస్తున్న పిల్ల. ఎవల మీద ఇడిసిపెట్టాలమ్మా?"

ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పుటకు మాకు నోరాడలేదు. చదువు విలువ ఎరుగని తల్లి మాట కాదది. బస్తీలోని బడి ఏడవ తరగతితో ముగియును. ఉన్నత పాఠశాలకు లారీలు తిరుగు రాజమార్గమును దాటవలెను. చదువు మాన్పించినచో పిల్ల ఇంట ఒంటరిగ నుండవలెను. అది మరింత భయము. వెంటబెట్టుకొని పనికి తెచ్చుట ఆ తల్లికి తోచిన కాపుదల.

మేము పిల్లను పనిలో పెట్టుకొనమని చెప్పితిమి. పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఇంటిపనికి ఉంచుకొనుట 2006 అక్టోబరు 10వ తేదీనుండియే నిషేధింపబడినది. 2016లో ఆ చట్టమును సవరించి ఏ పనియందును పెట్టరాదనిరి. కాని మేము వలదన్నంతమాత్రమున పిల్ల బడికి పోదు. మా వీధిలోనే ఒక గృహిణి, చదువుకొన్నామె, దయగలదియును, ఈ సంగతి విని వచ్చెను. "మా యింట ఉంచుడు. ఇంటిపిల్లవలె చూచుకొందుము. మేము తిన్నదే తినును. పండుగకు బట్టలు పెట్టెదము" అనెను.

"మీ అమ్మాయి ఇప్పుడు ఎన్నవ తరగతి వదినా?" అని మేము అడిగితిమి.

"ఎనిమిదికి వచ్చినది" అనెను. అని, తానే మాట ఆపివేసెను.

ఆమెను నొప్పించుటకు ఈ సంగతి వ్రాయుటలేదు. అక్కడనే మాకొక విషయము తేటపడినది. చదువుకొన్న పేటయు చదువులేని పేటయు వేర్వేరు కావు. మన యింటి పిల్ల ట్యూషనుకు పోవు గంటలో మన గిన్నెలు తోముటకు ఎవరో ఒకరు ఉండవలెను గదా. ఆ వచ్చునది మరియొక పేటలోని పిల్లయైనచో, ఇక్కడి చదువునకు వెల అక్కడ చెల్లింపబడుచున్నది. పెద్దవారు జీతమునకు పనిచేయుటలో దోషము లేదు. వారి బిడ్డ చదువు కూడ ఆ జీతములో కలిసిపోవుటయే అన్యాయము.

మరునాడు మేము ఆ తల్లితో కలిసి వారి బస్తీకి పోతిమి. దేవుని పటము వెనుకనుండి ఆమె ఒక కాగితము తీసి చూపెను. బడివారిచ్చిన నోటీసది: ఫలానా తేదీలోపల వచ్చి బదిలీపత్రము తీసికొనిపోవలెనని వ్రాసియున్నది. ఆ తేదీ దాటి పదిదినములైనది. కాగితము పటము వెనుక భద్రముగనే యున్నది. దానిని చదువువారే ఆ యింట లేరు. అయిదవ తరగతితో ఆగి, పెండ్లిచేసికొని పోయిన చెల్లెలొకతె ప్రక్కయింటనే యున్నది. ఆమె బిడ్డకు టీకాలు వేయించు కార్డుమీది తేదీని కూడ ఆమె మరియొకరిచేత చదివించుకొనుచున్నది. అయిదు తరగతుల చదువు వాడుక లేక మాసిపోయినదని ఆమెయే చెప్పెను.

బదిలీపత్రము లేనిదే చేర్చుకొనమని ఉన్నత పాఠశాలలోని గుమాస్తా మొదట చెప్పెను. ఇక్కడ మన సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యున్నది. 2009లో పుట్టి, 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టమునుబట్టి, ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు, బదిలీపత్రము ఆలస్యమైనదను కారణముచేత బడిలో చేర్చుకొనుట ఆపరాదు. వయస్సు రుజువు లేదను కారణముచేతను నిరాకరింపరాదు. బడి మొగమే చూడని పిల్లను వయస్సుకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడినదానిని ప్రత్యేకముగ నేర్పవలెను. ఈ మాటలు మేము నెమ్మదిగ విన్నవించగా ప్రధానోపాధ్యాయిని ఆ పూటనే పేరు వ్రాసికొనిరి. చట్టము పుస్తకములో నున్నది. దానిని బడి గుమ్మమువరకు మోసికొనిపోవు మనిషి లేకుండుటయే చిక్కు.

ఇక దారి సంగతి. ఆ వీధిలో వెదకగా, ఏడవ తరగతి ముగించిన ఆడుపిల్లలు మరి ముగ్గురు కనబడిరి. ముగ్గురి తల్లులకును అదే భయము. పిల్ల యొక్కతె పోవుటకును, నలుగురు పోవుటకును భేదమున్నది. బస్తీమొగలో ఇడ్లీలమ్ము ముసలామె ఒకతె కలదు. ప్రొద్దుటి బేరము తొమ్మిదింటికి తీరును. ఆమె ఆ నలుగురిని రోడ్డు దాటించి, సాయంకాలము తిరిగి తీసికొనివచ్చుటకు ఒప్పుకొన్నది. ఆమెకు నెలకింతయని మా వీధిలో మూడిండ్లవారము కలిసి ఇచ్చుచున్నాము. వెనుక చెప్పిన గృహిణి యిల్లు ఆ మూడింటిలో నొకటి. జూలైలో వానలు పట్టగానే ఆమె నాలుగు వానకోటులు కొని పంపెను.

ఇంతతో అంతయు చక్కబడినదని చెప్పజాలము. ఆ నలుగురిలో ఒకతె దసరా సెలవుల పిమ్మట రాలేదు, స్వగ్రామమునకు తీసికొనిపోయిరట. మిగిలిన ముగ్గురు పోవుచున్నారు. మా పనియామె కూతురు లెక్కలలో వెనుకబడినది గాని తెలుగు చక్కగ చదువును. ఆమెకు త్వరలో పదునాలుగేండ్లు నిండును. విద్యాహక్కు చట్టపు రక్ష అంతటితో తీరును. చుట్టములు అప్పుడే ఒక సంబంధము మాట తెచ్చిరి. పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. తల్లి ఇప్పటికి వలదన్నది. రేపేమగునో మాకును తెలియదు. పదవ తరగతి గట్టెక్కువరకు మాకు నిశ్చింత లేదు.

తల్లి కథ కూడ కొంత చెప్పవలెను. "నా బతుకు తెల్లారింది, నాకెందుకమ్మా?" అన్న మనిషి కాగితపు సంగతి జరిగినపిమ్మట తానే పలక తెచ్చుకొన్నది. పని ముగిసినపిమ్మట అరగంట కూర్చుండును. అకారముతో ఆరంభింపలేదు, కూతురి పేరుతో ఆరంభించితిమి. పిమ్మట ఆమె దినదినమును చూచు మాటలు: అఫ్జల్‌గంజు, కోటి, చాదర్‌ఘాటు. దీర్ఘములు, కొమ్ములు వాని వెంటనే వచ్చినవి. అయిదు నెలలు పట్టినది. మొన్న వచ్చి, "ఇన్నిదినాలు నంబరు జూసి ఎక్కితి, ఇప్పుడు పేరు జూసి ఎక్కుతున్న" అనెను. ఆమె మొగములోని వెలుగును మేము వర్ణింపలేము. మందుబిళ్లలను రంగునుబట్టి గురుతుపట్టు స్థితి ఇకమీద ఆమెకు లేదు. చీటీమీది ఉదయము, రాత్రి అను మాటలను తానే చదువుకొనుచున్నది.

సోదరీమణులారా, నగరమందలి పేటల తారతమ్యములు ప్రభుత్వము పూనుకొననిదే తీరవు. బస్తీబస్తీకి ఉన్నత పాఠశాల కావలెను, ఉపాధ్యాయులు కావలెను, ఆడుపిల్లలకు తలుపుగల మరుగుదొడ్డి కావలెను. వాని కొరకు అడుగుట మానరాదు. అడుగుటకు చట్టము ఒక తావును కూడ కల్పించినది: ప్రభుత్వ పాఠశాల నిర్వహణ సంఘములో నాలుగింట మూడువంతులు తలిదండ్రులును, సగము స్త్రీలును ఉండవలెను. మీ యింట పనిచేయునామె అట్టి సంఘములో కూర్చుండుటకు హక్కుగలది. ఆ సంగతి ఆమెకు చెప్పవలసినవారము మనమే.

అంతవరకు గృహిణులమైన మన చేతిలో నున్న పనులు కొన్ని కలవు. పదునాలుగేండ్లలోపు పిల్లను, ఎంత ప్రేమతోనైనను, పనికి పెట్టుకొనకుండుట. పనియామె తెచ్చిన కాగితము ఏదైనను ఆ దినముననే చదివి చెప్పుట. ఏడవ తరగతి, పదవ తరగతి ముగియు వేసవులలో ఆమె బిడ్డ సంగతి మరువక విచారించుట. బడి మానిన పెద్దపిల్లలకు ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి వ్రాయు మార్గమున్నదని తెలుపుట. తీరిక కలిగినచో అరగంట పలక పట్టించుట. వీనిలో దేనికిని పెద్ద ధనము కాని, సభలు కాని అక్కరలేదు.

వచ్చే జూన్ 12 ప్రాంతమున బడులు తెరచునప్పుడు మన పిల్లలకు సంచులు, సీసాలు కొనుటకు బజారునకు పోవుదుము. పోవుటకు ముందు మన వంటింటిలోని మనిషిని ఒకమాట అడుగవలెను: పిల్ల ఏ బడికి పోవుచున్నది, ఏ దారిని పోవుచున్నది, వెంట ఎవరున్నారు? ఈ మూడింటికి ఆమె బదులు చెప్పగలిగినచో సంతోషము. ఏ ఒక్కదానికి చెప్పలేకపోయినను, ఆ పని ఇంక ఆమెది మాత్రమే కాదు.